రెండు వేళ్ళ మందం బూడిద

పొగ గొట్టాలు ఊడ్చే పెద్దాయన పోయాడని నాకు గుడిలో ప్రసాదం వరసలో తెలిసింది. నా ముందు నిలబడ్డ ఇద్దరు ఆడవాళ్ళు చెప్పుకుంటున్నారు. అద్దె గదిలో ఒక్కడే ఉండేవాడట. గుండె ఆగిందట. నాలుగో రోజుకి గాని ఇంటివాళ్ళు తలుపు తీసి చూడలేదట.

"ఎవరూ, ఆ ఫైర్‌ప్లేస్ ఆయనా? ఆయన చేసిన పని వల్లే కదా ఒక పెద్దమనిషి పోయింది" అంది రెండో ఆవిడ.

మొదటావిడ వెనక్కి తిరిగి నన్ను చూసి, ఆమె మోచెయ్యి పట్టుకుని నొక్కింది. ఆ పోయిన పెద్దమనిషి మావారు. నేను ప్రసాదం తీసుకోకుండానే వచ్చి బూట్ల గదిలో కూర్చున్నాను. అమ్మాయి కారు తెచ్చే దాకా అక్కడే ఉన్నాను.

నాకు సంతకం పెట్టడం తప్ప రాయడం రాదు. మా కింద బేస్‌మెంట్లో అద్దెకుంటూ యూనివర్సిటీలో చదువుకునే పిల్ల, నేను చెబుతుంటే రాస్తోంది. ఆయన గురించి చెప్పడానికి ఆయనకు ఎవరూ లేరు. చెప్పాల్సిన బాకీ ఉన్నదాన్ని నేనే.

ఆయన కెనడాలో ఈ రెజైనా ఊరికి ఎప్పుడొచ్చాడో, ఎలా వచ్చాడో నాకు తెలియదు. హోటల్లో తందూరి పొయ్యి దగ్గర పనికి వచ్చాడని ఒకరంటే, కాదు పడమటి వైపు ఎక్కడో చెట్లు కొట్టే పనికి వచ్చాడని ఒకరన్నారు. ఆయన నోటి వెంట విన్నది ఒక్కటే. కుర్రతనంలో ఒంగోలు పక్క పొగాకు బ్యారన్ల దగ్గర నిప్పు చూసేవాడట. బ్యారన్ అంటే పొగాకు ఆకు మాగబెట్టే ఎత్తయిన ఇల్లు. కింద కట్టెలు మండుతుంటాయి, ఇనప గొట్టాల్లోంచి వేడి తిరుగుతుంది. పొగ మాత్రం ఆకుకి తగలకూడదు. "పొగ బయటికి, వేడి లోపలికి. రెండూ ఒక దారినే పోదామంటాయి చెల్లెమ్మా. విడదీయడమే పని" అనేవాడు. ఏ ఇంటికి వెళ్ళినా ఇదే మాట. చదువుకున్న వాళ్ళు నవ్వేవారు.

ఆయన్ని చూస్తే మొదట కనపడేది మెళ్ళో తాడు. చిన్నపిల్లలకి కట్టినట్టు రెండు గ్లౌజులూ ఒకే తాడుకి కట్టి మెళ్ళో వేసుకునేవాడు. పని చేసేటప్పుడు అవి గుండెల మీద ఊగుతుండేవి. మా మనవరాలు "స్మోక్ తాతా, యూ ఆర్ లైక్ కిండర్‌గార్టెన్" అనేది. "అవునమ్మా, నేనింకా పాసవలేదు" అనేవాడు. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. నిప్పుకి వీపు పెట్టి గొంతుక్కూర్చునేవాడు. టీ సాసర్లో పోసుకుని తాగేవాడు, అది కూడా పొగ గొట్టం వేడెక్కి పొగ సరిగా లాగుతోందని నమ్మకం కుదిరాకే. అంతకు ముందు ఇస్తే పక్కన పెట్టేసేవాడు. చల్లారిపోయాక అదే తాగేవాడు.

మా అమ్మాయి ఇక్కడ గవర్నమెంట్ ఆఫీసులో పని చేస్తుంది. అల్లుడి ఉద్యోగం ఎక్కడో దూరాన వాటర్లూ ఊళ్ళో, నెలకొకసారి వస్తాడు. వాళ్ళు కొన్న ఇల్లు పాతది. హాల్లో ఇటుకల ఫైర్‌ప్లేస్ ఉంటే దాన్ని చూసే కొన్నారు. దీపావళికి ఒకసారి, క్రిస్మస్‌కి ఒకసారి వెలిగించి ఫొటోలు తీసుకునేవారు. మేము వచ్చిన రెండో ఏడు మావారికి స్ట్రోక్ వచ్చి ఎడం పక్క పడిపోయింది. అప్పటి నుంచి ఆయనకి ఆ పక్క ఎప్పుడూ చలే. కింద జాలీల్లోంచి గ్యాసు వేడి వస్తూనే ఉండేది. "ఇది గాలే. ఒంటికి అంటదు. నిప్పు వెయ్యవే" అనేవారు. నిప్పు వేస్తే హాలంతా పొగ. దుప్పటి కప్పుకుని, మంట చూస్తూ, వణుకుతూ కూర్చునేవారు. అప్పుడు మా అమ్మాయి ఇక్కడి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడిగితే ఎవరో ఈయన నంబరు ఇచ్చారు.

వచ్చిన మనిషి లోపలికి రాలేదు. ఇంటి చుట్టూ మంచులో నడిచి, ఫైర్‌ప్లేస్ వెనక బయటి గోడ దగ్గర ఆగి, గ్లౌజు తీసి అరచెయ్యి ఆనించాడు.

"అంకుల్, ఫైర్‌ప్లేస్ లోపలుంది" అంది మా అమ్మాయి తలుపు సందులోంచి.

"పొయ్యి లోపలుంది తల్లీ. వేడి ఇక్కడుంది. పిచికలు మీకు దణ్ణం పెట్టుకుంటయ్."

లోపలికి వచ్చాడు. మూడు లావుపాటి దుంగలు భగభగ మండుతున్నాయి.

"ఎంతసేపట్నించి ఇట్టా?"

"టూ అవర్స్ అవుతోంది."

"రెండు గంటల్నించి ఆకాశానికి కాపడం పెడతన్నారన్నమాట."

మావారు నవ్వారు. స్ట్రోక్ వచ్చాక మూతి ఒక పక్కకే లేచేది. ఆయన నవ్వు చూసి అప్పటికి నాలుగు నెలలు. "ఏవండీ, మీది ఏ ఊరు" అని అడిగారు, మాట ముద్దముద్దగా. ఆయన ఊరు చెప్పలేదు గాని, "మీరు మా బావ అవుతారు, ఈమె మా చెల్లెలు" అని వరస కలిపేసుకున్నాడు. ఎలా కలిపాడో మాకు తెలియదు.

ఆ చలికాలం అంతా ఆయన వారానికి ఒకసారి వచ్చాడు. పిలిచినా వచ్చాడు, పిలవకపోయినా వచ్చాడు. ఒక అగరబత్తి వెలిగించి పొయ్యి నోటి దగ్గర పట్టుకుని పొగ ఎటు పోతోందో చూసేవాడు. హాల్లోకి తిరిగితే, వంటింటి కిటికీ వేలెడంత తెరిపించేవాడు. "ఇల్లంతా బిగించేస్తే నిప్పుకి ఊపిరాడొద్దా" అనేవాడు. గొట్టంలో ఇనప మూత ఒకటి ఉంటుంది, డాంపర్ అంటారు. వెలిగించేటప్పుడు పూర్తిగా తీయాలి. మంట నిలబడ్డాక సగం మూయాలి. నిప్పు నల్లగా ఆరిపోయాక మొత్తం మూయాలి, లేకపోతే ఇంట్లో వేడంతా రాత్రికి రాత్రి పైకి పోతుంది. "ఆరకముందు మాత్రం ముయ్యొద్దు. తెల్లారి లేవరు" అని ఇది మాత్రం మా మనవరాలి చేత కూడా అప్పచెప్పించాడు.

కట్టెల విషయంలో ఆయనకి కోపం వచ్చేది. మా అమ్మాయి పెరట్లో కట్టెలు పేర్పించి, మంచు పడకుండా నీలం పట్టా నేల దాకా కప్పి, తాళ్ళు బిగించింది. ఆయన పట్టా ఎత్తి చూశాడు. లోపల ముక్కిపోయిన వాసన.

"దుప్పటి ముసుగేసి చెమట పట్టించారు వీటికి. పైన కప్పండి చాలు, పక్కలు గాలికి ఒదలండి."

రెండు కట్టెలు తీసి ఒకదానితో ఒకటి కొట్టేవాడు. టంగుమంటే ఎండినట్టు, దబ్ అంటే పచ్చి. కొబ్బరికాయని చూసినట్టు చెవి దగ్గర పెట్టుకుని మరీ కొట్టేవాడు. చివరన పగుళ్ళు వచ్చాయో లేదో వేలితో తడిమేవాడు. పచ్చి కట్టె మండితే దాని వేడంతా దాని నీళ్ళు ఇగరడానికే సరిపోతుందట, మనకి మిగలదట. బర్చ్ కట్టె వస్తే సంతోషం. పోప్లార్ వస్తే, "ఇది చుట్టం లాంటిది, వచ్చినట్టే ఉంటది, ఎల్లిపోద్ది" అనేవాడు.

ఒకసారి ఎక్కడి నుంచో ఒక ఇనప పలక మోసుకొచ్చాడు. పొలాల్లో పాడైపోయిన యంత్రంలోది. వేలు మందం ఉంది. దాన్ని పొయ్యి వెనక గోడకి నిలబెట్టి, ముందు చిన్న చిన్న కట్టెలు దగ్గరగా పేర్చి వెలిగించాడు. గంట పోయాక మంట తగ్గింది గాని పలక కాలి, ఆ వేడి నేరుగా గదిలోకి కొట్టడం మొదలుపెట్టింది. మావారి కుర్చీని మంటకి ఎదురుగా కాకుండా ఎడం పక్క నిప్పుకి వచ్చేటట్టు అడ్డంగా తిప్పాడు. కుర్చీ వెనక రెండు వంటింటి స్టూళ్ళు పెట్టి దుప్పటి ఆరేశాడు, వేడి వెనక్కి పోకుండా. కాసేపటికి మావారు స్వెట్టర్ తీసెయ్యమన్నారు. నేను వినపడనట్టు ఊరుకున్నాను, మళ్ళీ అడిగారు. తీసేశాను. ఎడం చెయ్యి ముట్టుకుంటే వెచ్చగా ఉంది. స్ట్రోక్ వచ్చాక ఆ చెయ్యి వెచ్చబడడం అదే మొదటిసారి. నాకు ఏడుపొచ్చింది. పెద్దాయన నిప్పుకి వీపు పెట్టి సాసర్లో టీ ఊదుకుంటున్నాడు, మా వైపు చూడలేదు.

ఆయనకీ నాకూ ఒక్క దగ్గరే పడేది కాదు. అది బూడిద.

మా ఇళ్ళలో పొద్దున్నే పొయ్యిలో బూడిదంతా ఎత్తి, అలికి, ముగ్గేసి గాని నిప్పు వెయ్యం. పాచి పొయ్యి మీద నిప్పు వేస్తే ఇంటికి మంచిది కాదని మా అత్తగారు నాకు నేర్పింది. ఇక్కడ అలకడానికి లేదు. కనీసం బూడిద తియ్యాలి కదా. నేను ఒక్క రేణువు లేకుండా ఊడ్చి, తడి గుడ్డ పెట్టి, ఇటుక మీద చిన్న ముగ్గు పెట్టేదాన్ని. ఆయన వచ్చి చూసి నెత్తి మీద చెయ్యి పెట్టుకునేవాడు.

"మళ్ళీ ఊడ్చారు. రెండు వేళ్ళ మందం బూడిద ఉండనియ్యండి చెల్లెమ్మా అని ఎన్నిసార్లు చెప్పాలి."

"పాచి పొయ్యి మీద నిప్పు ఎలా వేస్తామన్నయ్యా."

"బాలింతకి పక్క ఎట్టాగో నిప్పుకి బూడిద అట్టా. వట్టి ఇటుక మీద పడుకోబెడితే అది చల్లబడుద్ది, మీకూ చల్లే. వారానికోసారి పైపైన తియ్యండి చాలు. తీసింది ఇనప బకెట్లో ఎయ్యండి, మూత పెట్టండి, దూరంగా మంచులో పెట్టండి. బూడిదలో నిప్పు నాలుగు రోజులు బతుకుద్ది. పైకి చచ్చినట్టే ఉంటది."

మూత ఉన్న ఇనప బకెట్ కూడా ఆయనే తెచ్చిచ్చాడు. కొన్నాళ్ళు ఆయన చెప్పినట్టే చేశాను. మామూలు రోజుల్లో బూడిద ఉంచేదాన్ని. శుక్రవారం మాత్రం నా వల్ల కాలేదు. శుక్రవారం తీసేసేదాన్ని. కొంత బూడిద దేవుడి ఇత్తడి సామాన్లు తోముకోవడానికి దాచుకునేదాన్ని. ఇక్కడ అమ్మే పొడులకి ఆ మెరుపు రాదు.

మా ఇంట్లో ఆ ఘోరం జరిగిన శుక్రవారానికి ముందు రోజు ఆయన వచ్చి గొట్టం ఊడ్చి వెళ్ళాడు. సాయంత్రం మావారికి మంచి మంట వేశాం. పొద్దున మావారికి ఒళ్ళు తుడిచి, మంచం మీద కూర్చోబెట్టాను. ఆయన గది వెనక వైపు, చెక్క వసారాకి ఆనుకుని ఉంటుంది. తరువాత పొయ్యి దగ్గరికి వెళ్ళాను. బకెట్ కిందటి వారం బూడిదతో నిండి ఉంది. బయట మంచులో దాని మూత గడ్డకట్టి రాలేదు. వసారాలో మావారి డైపర్లు వచ్చిన అట్టపెట్టె ఖాళీగా ఉంది. పొయ్యిలో బూడిదలో చెయ్యి పెట్టి చూశాను. చల్లగా ఉంది. నిజంగా చల్లగానే ఉంది. ఎత్తి ఆ పెట్టెలో పోసి, గోడకి జరిపి, స్నానానికి వెళ్ళాను.

మధ్యాహ్నం మనవరాలిని స్కూలు బస్సు దగ్గర దించుకోవడానికి వెళ్ళాను. బస్సు ఆలస్యమైంది. వచ్చేసరికి ఇంటి వెనక నుంచి పొగ. మంట పెద్దగా లేదు. వసారా గోడలోపల చెక్క రాజుకుని, పొగంతా మావారి గదిలోకి వెళ్ళింది. ఆయన తలుపు దాకా పాక్కుంటూ వచ్చారట. ఫైర్ వాళ్ళు ఆయన్ని తలుపు దగ్గరే ఎత్తారు.

అమ్మాయి ఆఫీసు నుంచి వచ్చీ రావడమే అంబులెన్సు ఎక్కి వెళ్ళిపోయింది. నేను, మనవరాలు ఎదురింటి వాళ్ళ వాకిట్లో నిలబడ్డాం. పెద్దాయన రెండు వీధుల అవతల ఉంటాడు. సైరన్ విని వచ్చాడు, టోపీ కూడా లేకుండా. ఇంతలో ఒక ఫైర్ ఆఫీసరు నా దగ్గరికొచ్చి ఏదో అడిగాడు. నాకు ఇంగ్లీషు రాదు. పెద్దాయన మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు.

"వెనక అట్టపెట్టెలో బూడిదుందంట. అది ఎవరు తీసి పెట్టారని అడగతన్నాడు."

"నేనే అన్నయ్యా. పొద్దున తీశాను. శుక్రవారం కదా. చెయ్యి పెట్టి చూశాను, చల్లగా ఉంది. నేనే పెట్టాను" అన్నాను. ఆపకుండా అదే మాట అంటూ ఉన్నాను.

ఆయన నన్ను చూశాడు. నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఏడుస్తున్న మనవరాలిని చూశాడు. ఆఫీసరు వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. నాకు రాని భాషే. కాని చెబుతూ చెబుతూ చెయ్యి ఎత్తి తన గుండె మీద పెట్టుకున్నాడు. అది అర్థం కావడానికి భాష అక్కర్లేదు. ఆఫీసరు ఏదో అడిగాడు. ఈయన తల ఊపాడు. ఆఫీసరు రాసుకున్నాడు.

"ఏం చెప్పారన్నయ్యా?"

"మీరు చెప్పిందే. ముందు బావ సంగతి చూడండి."

నాకు తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

మావారు రెండో రోజున పోయారు. కళ్ళు తెరవలేదు. దహనం అయ్యాక అమ్మాయి ఫైర్ వాళ్ళు పంపిన కాగితం చదివింది. నా ఎదురుగా నేల మీద కూర్చుంది. చిన్నప్పుడు జ్వరమొస్తే తప్ప అది అలా కూర్చునేది కాదు.

"అమ్మా, ముందు రోజు క్లీన్ చేసినప్పుడు ఆ అంకుల్ బూడిద బాక్స్‌లో పెట్టాడని ఉంది. నిజమేనా?"

ఆ మాటకి జవాబు చెప్పడానికి నాకు కావలసినంత సేపు ఉంది. అది నా మొహం చూస్తూ ఎదురు చూసింది. నాకు పుట్టిల్లు లేదు, అత్తిల్లు లేదు, ఈ దేశంలో నాకు ఆ పిల్ల తప్ప నిలబడే చోటు లేదు. మీ నాన్నని నేనే పొగలో పెట్టానని దాని మొహం మీద ఎలా చెప్పను.

"ఊఁ" అన్నాను.

పన్నెండో రోజున, కాలిన భాగం బాగుచేసే దాకా మేము అద్దెకున్న ఇంటికి ఆయన వచ్చాడు. లోపల భోజనాలు నడుస్తున్నాయి. గుమ్మం ముందు బూట్లు విప్పి, వట్టి సాక్సులతో నిలబడి బెల్లు కొట్టాడు. అమ్మాయి తలుపు తీసింది. నేను దాని వెనక గరిటె పట్టుకుని ఉన్నాను.

"మా నాన్నని చంపి, ఇప్పుడు భోజనానికి వచ్చావా?" అంది.

అంకుల్ అని తప్ప పిలవని పిల్ల. ఆయన దాని భుజం మీదుగా నన్ను చూశాడు. ఎక్కువసేపు కాదు. నేను గరిటె వైపు చూశాను.

"తప్పైపోయింది తల్లీ" అన్నాడు.

తలుపు పడింది. నేను వంటింటి కిటికీలోంచి చూశాను. విప్పిన బూట్లు మళ్ళీ తొడుక్కోవాలి కదా. మెట్టు మీద మంచులోనే కూర్చున్నాడు. వేళ్ళు కొంకర్లు పోయి లేసులు ముడి పడడం లేదు. గ్లౌజులు మెళ్ళో వేలాడుతున్నాయి. ఒక బూటు కట్టడానికే చాలాసేపు పట్టింది. రెండోది కట్టకుండా అలాగే లేచి వెళ్ళాడు. లోపల ఎవరో సాంబారు అడిగితే వెళ్ళి వడ్డించాను.

ఆ తరువాత ఏ తెలుగు ఇంటివాళ్ళూ ఆయన్ని పిలవలేదు. గ్రూపులో మా అమ్మాయి రాసింది, మిగతావాళ్ళు అందరికీ చెప్పారు. ఏడాది పోయాక ఇండియన్ స్టోర్లో ఆయన బియ్యం బస్తాలు సర్దుతూ కనపడ్డాడు. అమ్మాయి కూరగాయల వైపు ఉంది. నేను బస్తాల చాటుకి వెళ్ళాను.

"ఇల్లు వెచ్చగా ఉంటందా చెల్లెమ్మా?" అని అడిగాడు, నిన్న కలిసినట్టు.

"ఆ పొయ్యికి అడ్డంగా ఇటుకలు కట్టించేసింది."

"పైన గొట్టం నోరు మూయించారా? కింద ఒక్కటీ మూస్తే చల్లగాలి దిగి ఇటుకల్లోంచి వచ్చుద్ది."

"అన్నయ్యా, నేను దానికి చెప్పేస్తాను."

ఆయన బస్తా కింద పెట్టాడు. "రెండు మూడు రోజుల్లో మీరే చెబుతారనుకున్నా. అప్పటికి ఏడుపు కాస్త తగ్గుద్ది గందా, అందాకా నా మీద ఉండనీలే అనుకున్నా. అంతే అనుకుంది."

కోపంగా అనలేదు. మళ్ళీ బస్తా ఎత్తి భుజాన పెట్టుకున్నాడు. "అమ్మా, వేర్ ఆర్ యూ?" అని కేకేసింది అమ్మాయి. నేను వెళ్ళిపోయాను. ఇంకా మూడు చలికాలాలు గడిచాయి.

ఆయన్ని దహనం చేసే రోజున తెలుగు అసోసియేషన్ వాళ్ళు ఫోను చేసి ఎవరైనా రండి అన్నారు. రోడ్లు గడ్డకట్టి ఉన్నాయి. వెళ్తానని అమ్మాయికి చెప్పాను. "నీకు పిచ్చా" అంది. చివరికి కారు తీసింది. లోపలికి రానంది గాని బయట మైనస్ ముప్ఫై ఉంది, వచ్చి వెనక గోడకి ఆనుకుని కోటు విప్పకుండా నిలబడింది.

చిన్న హాలు. అందరం కలిసి ఏడుగురం. శవపేటికలో ఆయన ముఖం చిన్నదైపోయింది. మెళ్ళో తాడు లేదు, గ్లౌజులు లేవు, ఎవరిదో కొత్త కోటు తొడిగారు. అసోసియేషన్ అబ్బాయి వాచీ చూసుకుని, "ఎవరైనా ఆంటీలు, అంకుల్స్ రెండు మాటలు చెబుతారా" అన్నాడు. ఎవరూ కదల్లేదు. నా పక్కనున్నాయన పక్కవాడితో, "మనిషి మంచోడే పాపం, ఆ ఒక్క కేర్‌లెస్ పని చేశాడు" అన్నాడు మెల్లిగా.

నేను లేచాను. ముందుకి వెళ్ళాను. శవపేటిక అంచు పట్టుకున్నాను.

"ఆ బూడిద తీసింది నేను. ఈయన వద్దన్నాడు. నేనే తీసి, నేనే అట్టపెట్టెలో పోశాను. ఈయన ఆ రోజు నా బదులు చెప్పాడు, నేను చెప్పనిచ్చాను. నా కూతురు అడిగితే అబద్ధం చెప్పాను" అన్నాను.

అసోసియేషన్ అబ్బాయి తల దించుకున్నాడు. వెనక తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడైంది. తిరిగి చూస్తే గోడ దగ్గర అమ్మాయి లేదు.

అంతా అయ్యాక బయటికి వెళ్ళాను. కారు ఇంజను నడుస్తోంది. వదిలేసి వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళలేదు. ఎక్కి బెల్టు పెట్టుకున్నాను. అద్దానికి పట్టిన మంచు కరుగుతోంది. అది రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని ముందుకి చూస్తోంది.

"అమ్మా, నువ్వు నాన్నని చంపలేదు" అంది. "చెయ్యి పెట్టి చూశానన్నావు. అది పొరపాటు. ఎవరికైనా అవుతుంది. అప్పుడే చెప్పుంటే ఏడ్చేదాన్ని, అరిచేదాన్ని, తర్వాత నీ దగ్గరే పడుకునేదాన్ని."

నేను దాని చెయ్యి పట్టుకోబోయాను. తీసేసుకుంది.

"ఆయన సాక్సులతో నిలబడ్డాడమ్మా. ఆయన్ని నేనేమన్నానో నువ్వు వెనకే ఉండి విన్నావు. నాచేత ఆ మాట అనిపించావు. నాలుగేళ్ళు ఆ మాట నిజమని నన్ను అనుకోనిచ్చావు. ఇప్పుడు నేను వెళ్ళి ఎవరికి సారీ చెప్పను?"

బండి కదిలింది. ఇంటికొచ్చాక కంచం పెట్టి, అన్నం వడ్డించి, నా మందులు పక్కన పెట్టింది. తను తినకుండా పైకి వెళ్ళి తలుపు వేసుకుంది.